అరపావు

ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. సంక్రాంతికి అరిసెల పాకం కోసం మా ఆవిడ బెల్లం తూచుకునే ఎలక్ట్రానిక్ కాటా, దాని మీద బోర్లించిన గిన్నె, గిన్నె మీద నల్లటి సైకిల్ ఫ్రేము. కాటాలో అంకె 914. ఫ్రేము ఒరిగిపోకూడదు, నా చెయ్యి దానికి తగలకూడదు, అంకె మసకబారకూడదు. పదకొండు సార్లు తీస్తే ఒకటి కుదిరింది. ఆ ఫ్రేము తయారీకి పట్టిన ఐదు నెలల్లో నేను అంత ఓపిగ్గా చేసిన పని ఇంకోటి లేదు. ఉండి ఉంటే ఇది రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

మాది విశాఖపట్నం. ఒక కర్మాగారంలో మెకానికల్ ఇంజనీరుని. ఆదివారం తెల్లారకముందే బీచ్ రోడ్డెక్కి భీమిలి దాకా తొక్కి, అక్కడ ఇడ్లీ తిని తిరిగొచ్చే గుంపులో ఒకణ్ని. సైకిళ్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే మాటలన్నీ బరువు చుట్టూనే తిరుగుతాయి. నీ చక్రాలెంత, నీ సీటెంత, నీ బండి మొత్తం ఎంత. ఏడు కిలోల లోపు బండి ఉన్నవాడికి ఇడ్లీల దగ్గర కూడా గౌరవమే. నడుం చుట్టూ పది కిలోలు అదనంగా మోస్తున్నవాళ్లు సీటు పోస్టులో ముప్పై గ్రాములు తగ్గించుకోవడానికి వేలకు వేలు పోస్తారు. వాళ్లని వేళాకోళం చేసే హక్కు నాకు లేదు. అందరికంటే నేనే ముదిరిపోయాను. కొనడం మానేసి, ఇంట్లోనే ఫ్రేములు చేయడం మొదలుపెట్టాను.

పని చెప్పుకోవడానికి తేలిక. అల్యూమినియం గొట్టానికి మైనం పూసి, ఎపాక్సీ రెజిన్లో తడిపిన కార్బన్ బట్టని దాని చుట్టూ పొరలు పొరలుగా చుట్టి, పైన వేడికి ముడుచుకునే టేపు బిగించి, గట్టిపడ్డాక లోపలి గొట్టాన్ని లాగెయ్యాలి. ఊరికే లాగితే రాదు. అల్యూమినియం చలికి బాగా కుంచించుకుపోతుంది, కార్బన్ దాదాపుగా కదలదు. కాబట్టి గొట్టంలో ఐసు ముక్కలు కూరితే కాసేపటికి టక్కుమని వదిలేస్తుంది. అలా తయారైన గొట్టాల చివరలు చేపనోరులా కోసి, ఒకదానికొకటి అతికించి, కీళ్ల మీద మళ్లీ తడి కార్బన్ బట్ట చుట్టి గట్టిగా బిగించాలి. బిగించడానికి నేను వాడింది పాత సైకిల్ ట్యూబుని సన్నగా కోసిన రబ్బరు పట్టీలు. క్యారియర్ మీద బియ్యం మూట కట్టడానికి మన ఊళ్లలో వాడేవే. తర్వాత ఉప్పు కాగితంతో రుద్దడం, రంగు వేయడం. రుద్దినప్పుడు లేచే నల్లటి పొడి ఒంటికి తగిలితే రెండు రోజులు దురద. ఆ బట్టల్ని వాషింగ్ మెషీన్లో వేసిన రోజు మా ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ అనవసరం.

మొదటి ఫ్రేము 1,630 గ్రాములు తూగింది. కీళ్ల దగ్గర బోదకాలు వచ్చినట్టు లావుగా, రంగు కారిపోయి, చూడటానికి దిష్టిబొమ్మలా ఉండేది. సిగ్గేసి మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుక్కి ఇచ్చేశాను. వాడు దాని మీద ఇప్పటికీ కాలేజీకి వెళ్తున్నాడు. ఒక్కోసారి ముందు కడ్డీ మీద స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని.

ఐసు కోసం ఫిషింగ్ హార్బరుకి వెళ్లేవాణ్ని. అక్కడే ఫైబర్ బోట్లు బాగుచేసే ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. గ్లాసు ఫైబరు, రెజిను, మ్యాటు, బ్రష్షు, ఇవే ఆయన పనిముట్లు. నాకున్న ఇంజనీరింగు డిగ్రీ ఆయనకి లేదు కానీ, పొరల మీద పొరలు వేసి వస్తువు నిలబెట్టడంలో ఆయనకి నా వయసంత అనుభవం ఉంది. అమెరికాలో చేత్తో కార్బన్ ఫ్రేములు చేసి పేరు తెచ్చుకున్న క్రెయిగ్ కాల్ఫీ, బాబ్ పార్లీ ఇద్దరూ పడవల పని నుంచి సైకిళ్ల వైపు వచ్చినవాళ్లే. 1991లో గ్రెగ్ లెమాండ్ టూర్ ద ఫ్రాన్స్‌లో తొక్కిన ఫ్రేము కాల్ఫీ దుకాణంలో తయారైంది. ఈ సంగతులన్నీ నేను చదివి ఉన్నాను. పడవల మేస్త్రీ ఎదురుగా ఉన్నప్పుడు నోరు మూసుకుని వినాలన్న ఇంగితం మాత్రం ఆ చదువుతో పాటు రాలేదు.

రెండో ఫ్రేముకి టాప్ ట్యూబు, అంటే మనం కడ్డీ అని పిలిచే పై గొట్టం, తయారైన రోజు మురిసిపోతూ ఆయనకి చూపించాను. అరచేతిలో అటూ ఇటూ ఆడించాడు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాడు. గొట్టం గోడ కొద్దిగా లోపలికెళ్లి, వేళ్లు తీయగానే మళ్లీ పైకొచ్చింది.

"పొడుగ్గా బానే ఏసినారు బావూ. అడ్డానికి ఏటేసినారు?"

"అడ్డంగా బరువు పడదండీ దీని మీద" అన్నాను. "లెక్క వేసే చేశాను."

ఆయన ఇంకేమీ అనలేదు. గొట్టం నా చేతికిచ్చి ఐసు పెట్టె మూత తీశాడు.

ఆయన అడిగిన ప్రశ్నలోనే అసలు సంగతంతా ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. కార్బన్ పోగులకి బలమంతా అవి పడుకున్న దిక్కులోనే. పోగుకి అడ్డంగా లాగితే ఆ బరువు మోసేది మధ్యలో ఉన్న జిగురే, పోగు కాదు. అందుకే ఫ్రేము చేసేవాళ్లు పొరల దిక్కులు మారుస్తారు. గొట్టం పొడవునా పరిచిన పోగులు వంపుని ఆపుతాయి. 45 డిగ్రీల వాలుగా ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా వేసినవి మెలితిప్పుని ఆపుతాయి. గొట్టం చుట్టూ గాజుల్లా, 90 డిగ్రీల అడ్డంగా వేసే పొర ఒకటుంటుంది. తొక్కేటప్పుడు దాని పని పెద్దగా కనపడదు. వెదురుకి కణుపు ఏ పని చేస్తుందో గొట్టానికి ఆ పొర ఆ పని చేస్తుంది. వెదురులో నారంతా నిలువునే ఉంటుంది, కణుపులే దాన్ని నలిగిపోకుండా చీలిపోకుండా పట్టి ఉంచుతాయి. కణుపులకి నడుమ ముక్క కోసి కాలితో తొక్కి చూడండి, నిలువునా దబ్బలుగా విచ్చుకుంటుంది.

నేను చేసింది కణుపుల్లేని వెదురు. అడ్డం పొర తీసేశాను. అన్నిటికన్నా పైన వేసే నేత బట్ట పొర కూడా తీసేశాను. ఆ నేతపొర అందానికే వేస్తారని అప్పట్లో నా అభిప్రాయం. దెబ్బ తగిలినప్పుడు చీలిక పక్కకి పాకకుండా ఆపేది ఆ అల్లికేనని పుస్తకంలో చదివినా, అలాంటి దెబ్బ తగలనివ్వనులే అనుకున్నాను. ఆ రెండు పొరలూ మూడు ముఖ్యమైన గొట్టాలకీ కలిపి ఎంత బరువని లెక్క వేస్తే 115 గ్రాములు వచ్చింది. ఆ లెక్కలో తప్పేమీ లేదు, ఇప్పటికీ సరిగ్గానే వస్తుంది.

మరికొంచెం ముదిరి, కిందివైపు పెద్ద గొట్టానికి మామూలు టీ700 పోగు బదులు ఎం40జే అనే బిగుతు పోగు వాడాను. రెండూ జపాన్ కంపెనీ టోరే తయారుచేసేవే. బిగుతులో ఎం40జే ఒకటిన్నర రెట్లకు పైనే, 230 గిగాపాస్కల్స్ ఎక్కడ, 377 ఎక్కడ. కాబట్టి తక్కువ పొరలతోనే అంతే బిగువు వస్తుంది. కానీ టీ700 తెగేముందు 2.1 శాతం దాకా సాగుతుంది, ఎం40జే 1.2 శాతానికే తెగుతుంది. ఈ రెండో వరస కూడా కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలోనే, మొదటి వరస పక్కనే అచ్చయి ఉంది. నా కళ్లు అటు పోలేదని చెప్పను. పోయాయి, ఆగలేదు.

ఈ 115 గ్రాములు తగ్గించడం వల్ల ఒరిగిందేమిటో అప్పుడే లెక్క వేసి ఉండాల్సింది. మనిషీ బండీ కలిపి 78 కిలోలనుకుంటే 115 గ్రాములు అందులో 0.15 శాతం. గంటసేపు ఘాట్ రోడ్డు ఎక్కితే కలిసొచ్చేది ఐదు సెకన్లు. సీసాలో ముప్పాతిక లీటరు నీళ్లు పోసుకుంటే దానికి ఆరు రెట్లకు పైగా బరువు తిరిగొచ్చి కూర్చుంటుంది. పోటీల్లో తొక్కేవాళ్లకి కూడా ఈ పిచ్చికి ఒక హద్దు పెట్టారు. 2000 సంవత్సరం నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధన ప్రకారం బండి 6.8 కిలోలకి తగ్గకూడదు. ఆ తూకానికి తక్కువ వచ్చిన బండికి బరువు కలిపి మరీ పందెంలోకి దింపిన సందర్భాలున్నాయి. జీవితంలో ఒక్క పందెం కూడా తొక్కని నేను ఇంట్లో కూర్చుని ఉప్పు కాగితంతో గ్రాములు గీకుతున్నాను.

గీకడమంటే నిజంగా గీకడమే. మొదటి ఫ్రేము కీళ్లు చూసి నవ్విన వాళ్లున్నారు కదా, ఈసారి కీళ్లు పోతపోసినట్టు నున్నగా రావాలని మూడు వారాలు రుద్దాను. నునుపుతో పాటు బరువూ తగ్గుతుంటే ఇక ఆగుతామా?

ఇంతకీ ఆ ఫ్రేము నేను తొక్కింది రెండు నెలలే. అద్దంలో చూసుకున్నట్టు దాన్ని చూసుకుంటూ, నీడలో పెట్టుకుంటూ, ఎవరినీ ముట్టనివ్వకుండా తొక్కాను. ఏమీ కాలేదు. అది చాలు, నా లెక్క సరైనదని నిర్ధారణ అయిపోయింది. మా బావమరిది పుట్టినరోజుకి దాన్ని కానుకగా ఇచ్చేశాను. వాడు నాకంటే గట్టిగా తొక్కుతాడు. నా ఫ్రేము మీద వాడు అందరికంటే ముందు ఘాట్ ఎక్కితే చూడాలని కోరిక. ప్రేమతో ఇచ్చానని అందరికీ చెప్పాను, సగం నిజం. నా బరువు 64 కిలోలు, లెక్కలన్నీ ఆ అంకెతో చేసినవి. వాడు 82. ఈ తేడా నాకు గుర్తుకు రాలేదంటే ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను. 'కొంచెం ఎక్కువే వేశాంలే' అని సర్దిచెప్పుకున్నాను.

తర్వాత జరిగింది వాడు ఆసుపత్రి మంచం మీద చెప్పాడు. శృంగవరపుకోటలో టీ కొట్టు దగ్గర బండి ఆపి, గ్లాసు చేతిలోకి తీసుకుని, అలవాటుగా కడ్డీ మీద ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడట. అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు. లేచి చూస్తే రంగు మీద గీత కూడా లేదు.

కడ్డీ మీద కూర్చోవడం అనే మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. మా నాన్నగారికి అట్లాస్ సైకిలుండేది, ఇరవై కిలోల ఇనుము. నేను బడికి వెళ్లింది దాని కడ్డీ మీద తువ్వాలు చుట్టుకుని కూర్చునే. అదే కడ్డీకి సంచులు తగిలించేవారు, దాని మీద మా చెల్లెలూ నేనూ పోట్లాడుకునేవాళ్లం, ఎవరింటికైనా వెళ్తే అరుగు దగ్గర బండి నిలబెట్టి ఆ కడ్డీ మీదే చేరగిలబడి గంటలు గంటలు మాట్లాడేవారు. మన దగ్గర సైకిలు కడ్డీ అంటే కుర్చీ. నలభై ఏళ్లుగా ఇది చూస్తూ పెరిగినవాణ్ని, ఆ గొట్టానికి 'అడ్డంగా బరువు పడదండీ' అని ఒక పెద్దాయనతో అన్నాను.

టీ కొట్టు సంగతి జరిగిన రెండు వారాలకి వాడు ఫోను చేశాడు.

"బావా, లేచి నిలబడి తొక్కితే టిక్కు టిక్కుమంటోంది."

"పెడల్స్ దగ్గర బాటమ్ బ్రాకెట్ అయ్యుంటుందిరా. గ్రీజు పెట్టించు."

"ముందు వైపు నుంచొస్తోంది బావా."

"ఫ్రేములో చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట వినపడుతుంది."

అది నిజమే. ఏ సైకిల్ మెకానిక్కుని అడిగినా ఆ మాటే చెప్తాడు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని నేను తప్పించుకున్నాను. బండి తీసుకురా, చూస్తాను అనలేదు. ఎక్కడైనా తగిలిందా, ఎవరైనా దాని మీద ఎక్కారా అని అడగలేదు. అడిగితే చెప్పేవాడు. అడగకపోవడానికి కారణం ఒక్కటే. విప్పి చూస్తే ఏదో కనపడుతుందని లోపలెక్కడో తెలుసు, కనపడితే ఆ 914 నాది కాకుండా పోతుంది.

అనంతగిరి ఘాట్ దిగుతుండగా ఒక గుంతలో ముందు చక్రం పడింది. పెద్ద గుంతేమీ కాదు, వెనకాల వస్తున్నవాళ్లు అదే గుంతలోంచి దిగి వచ్చేశారు. కడ్డీ మధ్యలో మడిచినట్టు కూలింది, దాంతో కింది గొట్టం హ్యాండిల్ దగ్గర పుటుక్కున తెగింది. వాడు ముందుకి పడ్డాడు. కాలర్ బోను విరిగి ప్లేటు వేయాల్సి వచ్చింది, గడ్డం కింద ఆరు కుట్లు. హెల్మెట్టు చీలింది, తల చీలలేదు. వెనకనుంచి లారీ రాకపోవడంలో నా ప్రజ్ఞ ఏమీ లేదు.

ఆసుపత్రి వరండాలో మా ఆవిడ నన్ను "ఏమైందసలు?" అని అడిగింది. "ఆ రోడ్డు దరిద్రంగా ఉంది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బావమరిది నన్ను వెనకేసుకొచ్చాడు, "బావ తప్పేం లేదక్కా, నేనే చూసుకోలేదు" అని. మా మామగారు మాత్రం అన్నీ విని, మూడో రోజు సాయంత్రం నేను ఒక్కణ్నే ఉన్నప్పుడు పక్కన కూర్చున్నారు. ఆయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్పై ఏళ్లు కాటా దగ్గర పనిచేసిన మనిషి.

"అల్లుడుగారూ, బరువు తగ్గుతుందని ఏదో పొర తీసేశారట. ఎంత తగ్గింది?"

"115 గ్రాములండీ."

కాసేపు లెక్క చూసుకున్నట్టు ఊరుకున్నారు. "అరపావు కూడా లేదన్నమాట" అన్నారు. కోపంగా అనలేదు. బెల్లం దిమ్మ తూచి అంకె చెప్పినట్టు చెప్పి, లేచి వెళ్లిపోయారు.

విరిగిన ముక్కలు గోనెసంచిలో వేసుకుని హార్బరుకి తీసుకెళ్లాను. ఎందుకు తీసుకెళ్లానో నాకే తెలీదు, క్షమాపణ చెప్పుకోవడానికి ఆయనే దొరికాడేమో. పెద్దాయన ముక్కలు వరసగా పలక మీద పేర్చి, హాక్సా బ్లేడుతో కీళ్ల దగ్గర కోయమన్నాడు. మధ్యాహ్నమంతా కోస్తూనే ఉన్నాం.

కడ్డీ రంగు గీకితే చీలిక నిలువునా ఉంది, జానెడున్నర పొడవు. కోసిన చివర పట్టుకుని తిప్పితే గొట్టం దబ్బలు దబ్బలుగా విడిపోయింది. ఇది ఊహించిందే. ఊహించనివి కీళ్లలో ఉన్నాయి. హ్యాండిల్ గొట్టం దగ్గర ఐదు పొరలు చుట్టాను, కోసి చూస్తే మలుపు పైభాగంలో రెండే మిగిలాయి. మిగతా మూడూ నునుపు కోసం నేనే రుద్ది పారేశాను. పోగు మలుపు తిరిగే చోటే బరువంతా మోస్తుంది, సరిగ్గా అక్కడే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఉప్పు కాగితం కూడా అక్కడే ముందు తగులుతుంది. పొరల మధ్య ఆవగింజలంత గాలి బుడగలు. వంద పాళ్లలో ఒక పాలు గాలి ఉంటే పొరకీ పొరకీ మధ్య పట్టు సుమారు 7 శాతం తగ్గుతుందని లెక్క. విమానాల పనిలో ఒక శాతం మించనివ్వరు. నా కీళ్లలో ఎంతుందో కొలిచే పరికరం అక్కర్లేదు, కంటికే కనపడుతోంది. ట్యూబు రబ్బరుని మొదటి ఫ్రేముకి ప్రాణం పోయేలా బిగించాను. రెండోదానికి ముడతలు పడతాయని వదులుగా చుట్టాను, అందం కోసం.

పెడల్స్ తిరిగే చోట అల్యూమినియం ముక్క అతికిస్తాం. దాని చుట్టూ తెల్లటి పొడి, వేలితో తుడిస్తే రాలింది. కార్బనూ అల్యూమినియమూ నేరుగా తగిలి, మధ్యలో ఉప్పు నీళ్లు చేరితే అది బ్యాటరీయే. అల్యూమినియం తుప్పు పట్టి అరిగిపోతుంది. ముప్పై నలభై ఏళ్ల కిందటి కార్బన్ ఫ్రేములు చాలా వాటికి ఇలాగే అతుకులు ఊడాయి. మధ్యలో పల్చటి గ్లాసు ఫైబరు పొర ఒకటి వేస్తే చాలు, ఆ రెండూ ఒకదానికొకటి తగలవు. గ్లాసు పొర బరువు పది గ్రాములుండదు. బీచ్ రోడ్డు మీద తొక్కే ఫ్రేముకి, ఉప్పుగాలి ఊళ్లో కూర్చుని, నేను అది కూడా వేయలేదు.

ఇక రెజిను సంగతి. గది వేడిమిలో గట్టిపడే మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. గట్టిపడ్డాక మళ్లీ కొన్ని గంటలు వేడిలో పెట్టి మగ్గబెడితేనే ఆ హద్దు పైకి జరుగుతుంది. మామిడికాయ కోసి గడ్డిలో వేసినట్టే. నేను మగ్గబెట్టలేదు. మే నెల ఎండలో అద్దాలేసి నిలబెట్టిన కారులో, అదీ నల్లటి వస్తువు, ఎంత వేడెక్కుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బావమరిది బండిని కారులో వేసుకుని ఆ వేసవిలో విజయవాడ వెళ్లొచ్చాడు. వెళ్లొచ్చాక సీటు పోస్టు జారుతోందని రెండుసార్లు గట్టిగా బిగించాడట. ఆ క్లాంపు చుట్టూ కూడా గొట్టం నలిగి ఉంది.

అన్నీ చూసి పెద్దాయన చేతులు తుడుచుకున్నాడు. ఒడ్డున బోర్లించిన ఫైబర్ తెప్ప ఒకటి చూపించాడు. దాని అడుగు పక్కలకంటే బాగా మందంగా ఉంది. "ఇక్కడెందుకు ఇంత మందమో తెలుసా బావూ? ఇసకలో ఈడుస్తాం. తెప్ప సంద్రంలో పాడవదు. ఒడ్డునే పాడయిపోద్ది."

నేను వేసిన లెక్కలన్నీ సంద్రం లెక్కలే. ఎక్కేటప్పుడెంత, దిగేటప్పుడెంత, బ్రేకు వేస్తే ఎంత. ఒడ్డు లెక్క వేయలేదు. టీ కొట్టు, కారు డిక్కీ, గోడకి ఆనించినప్పుడు గాలికి పడిపోవడం, మెకానిక్కు స్టాండు దవడల్లో కడ్డీని బిగించడం, బస్సు మీద వేసి తాడుతో కట్టడం. మనిషి చేత పుట్టిన వస్తువు మళ్లీ మనుషుల చేతుల్లోనే కదా బతకాలి!

కార్బన్ ఫైబరుకి ఇది కొత్త అవమానమేమీ కాదు. రోల్స్ రాయిస్ కంపెనీ 1960లలో ఆర్‌బీ211 అనే విమాన ఇంజనుకి ముందుండే పెద్ద ఫ్యాను రెక్కలు హైఫిల్ అనే కార్బన్ సరుకుతో చేయాలనుకుంది. బరువు ఎంతో కలిసొచ్చేది. 1970లో పక్షి తగిలితే ఏమవుతుందో చూడటానికి ఒక కోడిని వేగంగా విసిరి కొట్టారు. రెక్కలు ముక్కలయ్యాయి, చివరికి టైటానియానికి మారాల్సి వచ్చింది. ఒక్క రెక్కల వల్లే కాదు గానీ, ఆ ఇంజను ఖర్చులు తడిసి మోపెడై 1971 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది. ఈ కథ నేను ఇంజనీరింగు రోజుల్లోనే చదివాను, నలుగురికీ నవ్వుతూ చెప్పేవాణ్ని కూడా. కోడి కథలా చెప్పాను, నా కథలా వినలేదు.

అలాగని కార్బన్ పెళుసు సరుకని ఎవరైనా అంటే ఒప్పుకోను. మిలాన్ పక్కన కంబియాగోలో ఎర్నెస్తో కొల్నాగో చేయించిన సీ40 ఫ్రేము మీద ఫ్రాంకో బల్లెరీని 1995లో పారిస్-రూబే గెలిచాడు. ఆ పందెం దారిలో అక్కడక్కడా రాళ్లు పరిచిన పాత పొలం బాటలొస్తాయి, ఎముకలు కదిలిపోతాయి. మరుసటి ఏడు అతని జట్టువాళ్లే అదే ఫ్రేముల మీద మొదటి మూడు స్థానాలూ తీసుకున్నారు. సరుకు అదే కార్బన్. ఎక్కడ మందం ఉంచాలో తెలిసినవాళ్లు చేశారు, అంతే తేడా.

ఫ్రేముల బలానికి ఐఎస్ఓ 4210 అనే ప్రమాణం ఉంది. పెడల్ మీద బరువు మోపుతూ లక్ష సార్లు అలసట పరీక్ష, 22.5 కిలోల దిమ్మని జానెడు ఎత్తునుంచి వదిలే దెబ్బ పరీక్ష, ఇలాంటివి. మూడో ఫ్రేముకి ముందు వాటిని ఇంట్లో చేతనైనంతలో చేశాను, ఇసక బస్తాతో. అందులో లేని పరీక్ష ఒకటి నేను కలిపాను. విడిగా ఒక కడ్డీ చేసి, రెండు స్టూళ్ల మీద ఆనించి, దాని మధ్యలో బావమరిదిని కూర్చోమన్నాను. అప్పటికి వాడి భుజం అతుక్కుంది. వాడు నా మొహం చూశాడు, కడ్డీ చూశాడు, కూర్చున్నాడు. టీ తాగుతూ పావుగంట కూర్చున్నాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది, ఏమీ అనలేదు. రోడ్డు గురించి నేనన్న మాట అబద్ధమని ఆవిడకి అంతకుముందు రోజే చెప్పాను.

మూడో ఫ్రేములో అడ్డం పొర ఉంది, పైన నేత పొర ఉంది, అల్యూమినియం చుట్టూ గ్లాసు ఉంది. కీళ్లు లావుగానే ఉన్నాయి, రుద్దలేదు. ప్లైవుడ్ పెట్టెలో నాలుగు బల్బులు పెట్టి 70 డిగ్రీల్లో ఎనిమిది గంటలు మగ్గబెట్టాను. బరువు చూడకుండా ఉండలేకపోయాను, 1,196 గ్రాములు. ఫొటో తీయలేదు. ఇది నా గదిలోనే ఉంచుకుందామనుకున్నాను. బావమరిదే వచ్చి పట్టుకుపోయాడు, ఈసారి నేను ఇవ్వలేదు.

నాలుగేళ్లయింది. ప్రతి నెలా మొదటి ఆదివారం రూపాయి బిళ్లతో ఫ్రేమంతా తట్టి చూస్తాను. పొరలు కలిసి ఉన్నచోట బిళ్ల టంగుమంటుంది, లోపల విడిపోతే పుచ్చిన పుచ్చకాయలా డబ్బుమంటుంది. పోయిన నెల వెనక చక్రం పక్క గొట్టం మీద, పెడల్ దగ్గర, బొటనవేలి గోరంత మేర చప్పుడు మారినట్టనిపించింది. మళ్లీ తట్టాను. మా ఆవిణ్ని పిలిచి కళ్లు మూసుకుని వినమన్నాను. ఆవిడ కూడా అక్కడే చెయ్యెత్తింది. సుద్దతో చుట్టూ గీత గీసి ఫోను చేశాను.

"బండి నా దగ్గరే ఉంటుందిరా."

"బావా, ఈ ఆదివారమే కదా అరకు రైడు!"

"తెలుసు."

"చప్పుడేమీ రావట్లేదే, నిన్న కూడా తొక్కాను."

"నాకు వస్తోంది."

బండి ఇప్పుడు నా బల్ల పక్కన ఉంది, చక్రాలు ఊడదీసి. హార్బరు పెద్దాయనకి కంటి ఆపరేషన్ అయింది. చూపు సరిగ్గా లేదు కానీ వేళ్లున్నాయి కదా, రేపు మధ్యాహ్నం తీసుకురమ్మన్నాడు.